తాగితే ఎక్కడికెళ్తాం?

మొన్న ఎండల్లో బంధువుల పెళ్లికని విజయనగరం నుంచి బయల్దేరి, శ్రీకాకుళంలో బస్సు మారి పలాస వెళ్తున్నాను. పక్క సీట్లో నాకంటే పెద్దావిడ. పెదాలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. నీళ్ల సీసా అందిస్తే చేత్తోనే వద్దంది.

"ఏం అప్పా, దాహం వెయ్యట్లేదా?"

"దాహం నేకేటమ్మా! తాగితే ఆనక ఎక్కడికెల్తాం?"

నవ్వొచ్చింది. మరుక్షణమే నవ్వు ఆగిపోయింది. పొద్దున్న సగం గ్లాసు కాఫీతో సరిపెట్టుకుని నేనూ అదే లెక్కతో బయల్దేరాను మరి! బడిలో టీచరమ్మ, బట్టల షాపులో నిలబడే అమ్మాయి, జీడిపప్పు వలిచే ఆడకూలీ, సంతలో కూరగాయల గంప ముందు కూర్చున్న ముసలమ్మ... అందరిదీ ఇదే లెక్క. దీనికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాం. ఈ ఓర్పు ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఒక్కసారి చూద్దాం.

తాగిన నీళ్లు కడుపులోంచి నేరుగా మూత్రాశయంలోకి దిగిపోతాయని మనలో చాలామందిమి అనుకుంటాం. అలా కాదు. తిన్నదీ తాగిందీ జీర్ణాశయం దాటి చిన్నపేగులోకి వెళ్తుంది. ఆ పేగు సుమారు 6 మీటర్ల పొడవు, అంటే మన చీరకంటే పొడుగు. ఆహారంలోని సారమూ, నీళ్లలో చాలా భాగమూ దాని గోడల్లోంచి రక్తంలో కలుస్తాయి. మిగిలిన నీటిని పెద్దపేగు లాక్కుంటుంది. పిప్పి బయటికి పోతుంది. ఒంట్లో నీరు తక్కువైతే పెద్దపేగు ఆ పిప్పిని మరింత పిండేస్తుంది. మలబద్ధకానికి చూర్ణాలు వెతికే ముందు, రోజంతా ఎన్ని గ్లాసులు తాగామో లెక్కేసుకోవడం మంచిది.

రక్తంలో చేరిన నీటి సంగతి ఇక కిడ్నీలు చూసుకుంటాయి. నడుముకి కాస్త పైన, వెన్నుకి అటొకటి ఇటొకటి, పిడికిలంత ఉంటాయి. ఒక్కోదానిలో దాదాపు 10 లక్షల జల్లెడలు. రోజుకి సుమారు 180 లీటర్లు వడగడతాయి. ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లయితే అన్ని లీటర్లు ఎక్కడివంటారా? అదే రక్తం మళ్లీ మళ్లీ వస్తుంది. బీరువా మొత్తం ఖాళీ చేసి, పనికొచ్చేవన్నీ తిరిగి సర్ది, చెత్త మాత్రం బయట పడేస్తామే, అలాగన్నమాట. చివరికి బయటికి వెళ్లేది లీటరున్నర, రెండు లీటర్లు.

నీళ్లు తాగకపోతే కిడ్నీలు పొదుపు మొదలుపెడతాయి. మూత్రం తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు రంగుకి తిరుగుతుంది. రాళ్లు పుట్టడానికి అదే అదను. పైగా మనకి మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే. మగవాళ్లకి 20 దాకా ఉంటుంది. అందుకే సూక్ష్మక్రిములు మనలో తేలిగ్గా పైకి పాకుతాయి. గర్భిణులకి ఈ బెడద మరీ ఎక్కువ. గంటల తరబడి బిగబట్టుకోవడమంటే ఆ క్రిములకి మనమే చాపేసి కూర్చోబెట్టడం.

అసలు చిక్కు ఇంకోటుంది. కిడ్నీ నొచ్చుకున్నా చెప్పదు. సగానికి పైగా పాడయ్యాక గానీ పాదాల వాపో, వికారమో, నీరసమో బయటపడవు. ఆడమనిషి నీరసంగా ఉందంటే ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు? "పని ఎక్కువైంది, రేపటికి తగ్గిపోతుందిలే" అని మనమే సర్దుకుంటాం.

మన ప్రాంతంలో ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే ఉద్దానంలో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... పరిశోధకులు అన్నిటినీ అనుమానించారు. ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ తేల్చలేకపోయారు. శ్రీలంక వరిపొలాల్లో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అందుచేత నీళ్లు తాగకపోవడం వల్లే ఉద్దానం జబ్బు వచ్చిందని నేననను. అసలే దెబ్బ మీదున్న కిడ్నీకి మనం కూడా మరో దెబ్బ వెయ్యొద్దంటున్నాను.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీటిని ఉద్దానం ఊళ్లకి తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. సంతోషమే. కానీ జబ్బుని ముందుగా పట్టుకోవలసింది ఇంట్లో. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. భర్తకి వస్తే వెంట వెళ్లేది భార్య. మరి ఆమెకే వస్తే?

అందుకే చెప్తున్నాను. సీరం క్రియాటినిన్ పరీక్షకి కాస్త రక్తం చాలు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించుకోండి. ఉద్దానం వాళ్లూ, షుగరూ బీపీ ఉన్నవాళ్లూ ఏడాదికోసారైనా చేయించుకోవాలి. ఇంటాయనకి చేయించినరోజే మీరూ చేయించుకోండి. నడుంనొప్పికి మందుల షాపులో అడిగి మాత్రలు మింగడం మానండి. ఆ నొప్పి మాత్రల్లో చాలావాటికి కిడ్నీల మీదే కన్ను. మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా నీళ్లు తాగండి. గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

తాగాక వెళ్లడానికి చోటుండాలి కదా! అది అడిగి తీసుకోవలసిన హక్కు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్‌లోనే అప్పట్లో రాశారు. షాపుల్లో, సంతల్లో, పెళ్లి పందిళ్లలో కూడా మనం నోరు విప్పి అడగాలి. ఇందులో సిగ్గుపడాల్సింది చోటు చూపించనివాళ్లు గానీ మనం కాదు.

ఆరోజు దారిలో ఒక స్టాండులో బస్సు ఆగగానే కండక్టరుతో, "బాబూ, ఆడవాళ్లం దిగాలి, ఐదు నిమిషాలు ఆపు" అన్నాను. అతను "అలాగేనమ్మా" అన్నాడు. నేనూ, అప్పా లేచాం. మా వెనకే మరో ఆరుగురు లేచారు. అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

మళ్లీ బస్సెక్కాక అప్ప తనే చెయ్యి చాపింది, "ఏదీ, ఆ సీసా ఇలాగియ్యి" అంటూ.