‘అనుమతించు’ అన్నది కూడా సంతకమే

అప్పు పత్రంపై సంతకం చేసే ముందు అందులో ఏమి వ్రాసి ఉన్నదో చదివించుకొని వినాలని మన పల్లెలలో పెద్దలు ఏనాటి నుండో చెబుతూ వస్తున్నారు. ఖాళీ ప్రామిసరీ నోటుపై వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న వారి కథలు అనేక గ్రామాలలో నేటికీ వినిపిస్తాయి. ఆ జాగ్రత్త కాగితం వద్దనే ఆగిపోయింది. చేతిలోని మొబైల్ ఫోను వరకు ఇంకా రాలేదు. తెరపై ‘అనుమతించు’ అనే మాట కనబడగానే చదవకుండా నొక్కడం మనలో చాలామందికి అలవాటైపోయింది. అది కూడా సంతకమేనని రైతు సోదరులు, వ్యాపారులు గుర్తించవలసి ఉంది. దానిని గుర్తింపజేయవలసిన బాధ్యత మా బ్యాంకు సిబ్బందిపై ఉన్నదని నా అభిప్రాయం.

మా శాఖ పరిధిలోని ఒక పత్తి రైతు ఒక సోమవారం ఉదయం పాస్‌బుక్కు పట్టుకొని వచ్చారు. పంట అమ్మగా వచ్చిన సొమ్ములో 40 వేల రూపాయలు ఖాతాలో లేవు. ‘నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదండీ’ అని ఆయన పదే పదే అన్నారు. ఆ మాట నిజమే. విచారించగా తేలినదేమంటే, శనివారం నాడు పీఎం కిసాన్ పేరు గల ఒక ఫైలు గ్రామ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అది పక్క పొలం రైతు నంబరు నుండి వచ్చినందున ఎవరికీ అనుమానం కలుగలేదు. కళాశాలలో చదువుతున్న కుమారుడు దానిని ఇన్‌స్టాల్ చేశాడు. వాయిదా సొమ్ము విడుదలకని అది కోరిన డెబిట్ కార్డు వివరాలు నింపారు. అడిగిన ప్రతిదానికీ ‘అనుమతించు’ నొక్కారు. ఓటీపీలను ఆ యాప్ తానే చదువుకొని దొంగలకు చేరవేసింది. పక్క పొలం రైతుకు తన ఫోను నుండి ఆ ఫైలు వెళ్ళినట్లే తెలియదు. ఆయన ఫోనులో ముందే చేరిన అటువంటి యాప్ దానిని అందరికీ పంపింది.

పీఎం కిసాన్ పథకం 2019లో ప్రారంభమైంది. ఏడాదికి 6,000 రూపాయలు మూడు వాయిదాలలో రైతు ఖాతాకు చేరుతాయి. వాయిదా కోసం ఎదురుచూసే రోజులలో ఆ పేరుతో ఏది వచ్చినా తెరిచి చూడడం సహజం. మోసగాళ్ళు పెట్టుబడిగా పెట్టుకున్నది ఆ ఆశనే. కరెంటు బిల్లు, వాహన చలానా, బ్యాంకు కేవైసీ, చివరకు పెళ్ళి శుభలేఖ పేరుతో సైతం ఇటువంటి ఫైళ్ళు వస్తున్నాయి. పేరు ఏదైనా చివర ‘ఏపీకే’ అన్న అక్షరాలు ఉంటే అది ఫోటో కాదు, కాగితం కాదు. ఫోనులో చొరబడగల యాప్. మా బ్యాంకు గాని, ప్రభుత్వం గాని వాట్సాప్ ద్వారా యాప్ పంపవు.

తలుపులు ఎక్కడ ఉన్నాయి?

ఆండ్రాయిడ్ ఫోనులో ఈ దొంగతనానికి దారి ఇచ్చే తలుపులు ముఖ్యంగా మూడు. మొదటిది, ప్లే స్టోరు వెలుపలి నుండి యాప్ తెచ్చుకొనే అనుమతి. సెట్టింగ్‌లు తెరిచి పైనున్న వెతుకు పెట్టెలో ‘తెలియని యాప్‌లు’ అని టైపు చేస్తే సాధారణంగా ఆ పట్టిక కనబడుతుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైళ్ళు మొదలైన వాటికి అనుమతి ఉంటే తీసివేయాలి. రెండవది, ఎస్సెమ్మెస్ అనుమతి. అనుమతుల విభాగంలో ఎస్సెమ్మెస్ చదివే యాప్‌ల జాబితా ఉంటుంది. సందేశాల యాప్, బ్యాంకు యాప్, యూపీఐ యాప్‌లకు అది అవసరం. టార్చిలైటుకో, ఆటకో ఓటీపీలతో పని ఏమి? మూడవది, యాక్సెసిబిలిటీ. చూపు, వినికిడి లోపం గల వారి సౌకర్యం కోసం ఏర్పరచిన ఈ అనుమతి దొంగ చేతికి వెళితే తెరపై ఉన్నదంతా చదివి, మన బదులు తానే నొక్కగలదు. ఆ సౌకర్యం అవసరం లేని వారు అక్కడ తెలియని యాప్ పేరు ఏదీ లేకుండా చూచుకోవాలి.

ప్లే స్టోరులోని ప్లే ప్రొటెక్ట్ ఎల్లప్పుడూ పనిచేస్తూ ఉండాలి. దానిని ఆపివేయమని ఏ యాప్ అయినా కోరితే ఆ యాప్‌నే నమ్మరాదు. ఫోను భాషను తెలుగులోకి మార్చుకొంటే అడుగుతున్నదేమిటో చదివి తెలుసుకోవడానికి వీలవుతుంది.

ఎరువులు, విత్తనాల డీలర్లకు ఒక ప్రత్యేక విజ్ఞప్తి. మీ దుకాణపు ఫోను పలువురు గుమాస్తాల చేతులు మారుతుంది. కంపెనీ బిల్లు అంటూ, ఆర్డరు అంటూ వచ్చే ఫైళ్ళను తెరవడం మీ దినచర్యలో భాగం. అందువల్ల వసూళ్ళ ఖాతా ఉన్న ఫోనును వేరుగా ఉంచడం, రోజు ముగియగానే పెద్ద మొత్తాన్ని మరొక ఖాతాకు మార్చడం మంచిది. ఫోను విషయంలో రైతులు మొదట సలహా అడిగేది చాలాచోట్ల మిమ్మల్నే. మీరు ఒక దొంగ ఫైలును ముందుకు పంపితే అది మీ మాటగానే ఊరంతా చెల్లుతుంది.

మా వంతు ఏమిటి?

మోసపోయిన రైతును ‘ఎందుకు నొక్కావు?’ అని నిందించి పంపడం సులువు. కాని మేము పంపే హెచ్చరికలలో అనేకం ఆయన చదవలేని ఆంగ్లంలో ఉంటున్నాయి. అప్పుతో కొన్న పంపుసెట్టును పొలానికి వెళ్ళి తనిఖీ చేస్తున్నాము. ఆ అప్పు సొమ్ము నిలిచే ఖాతాకు తాళంచెవి అయిన ఫోను గురించి ఒక్క మాటైనా అడగడం లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు మంజూరు, పునరుద్ధరణ సమయంలో పది నిమిషాలు ఇందుకు కేటాయించడం మాకు భారం కాదు.

అయితే ఆ పని చేసేటప్పుడు అధికారి ఫోనును తన చేతిలోకి తీసుకోరాదు. బ్యాంకు వారని చెప్పిన వారికి ఫోను అందించే అలవాటు మేమే నేర్పితే, రేపు మా పేరు చెప్పుకొని వచ్చే దొంగకు దారి చూపినవారమవుతాము. మేము నోటితో చెప్పాలి. రైతు తన వేలితో నొక్కాలి. ఆలస్యమైనా నేర్చినది ఆయన వద్ద నిలుస్తుంది.

మోసం జరిగినట్లు అనుమానం కలిగితే వెంటనే ఆ ఫోనులో ఇంటర్నెట్ ఆపి, మరొక ఫోను నుండి 1930కు, బ్యాంకుకు తెలియజేయాలి. త్వరపడితే సొమ్ము చేరిన ఖాతాలోనే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఖాతాదారు అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం బ్యాంకుకు తెలియజేసేంత వరకు ఆయనదని, తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కనుక ప్రతి గంటకూ విలువ ఉంది. మా పత్తి రైతు సొమ్ము పోయిన సంగతి ఆదివారమే గమనించారు. సెలవు గనుక బ్యాంకు తెరిచేదాకా వేచి ఉన్నారు. 1930 అనే సంఖ్య ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళుగా ఆయన ఋణ ఖాతా చూస్తున్న నేనూ చెప్పలేదు.