పరీక్షలో ఐలమ్మ, పాస్‌బుక్‌లో నాయన

హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో ఏ స్టడీ హాల్‌లోకి తొంగిచూసినా తెలంగాణ సాయుధ పోరాటం బిట్లు బట్టీ కొడుతున్న పిల్లలే. పాలకుర్తి, విసునూరు దేశ్‌ముఖ్, చాకలి ఐలమ్మ. కౌలుకు చేసిన పొలంలో పండిన పంట తన ఇంటికే చేరాలని దొరకు ఎదురు నిలిచిన ఆడమనిషి ఆమె. సర్కారు ఉద్యోగాల కోసం గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే పరిగెత్తే ఆ తమ్ముళ్లను, చెల్లెళ్లను నేను అడిగేది వేరే ప్రశ్న: మీ ఊళ్లో పొలం ఎవరి పేరు మీద ఉంది?

నాయన పేరు మీద. కొందరికి ఇంకా తాత పేరు మీదే.

నాటు వేసింది అమ్మ. కలుపు తీసింది అమ్మ. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని గోళ్ల పక్కన చర్మం చీలిపోయింది అమ్మకు. నారాయణగూడ హాస్టల్ ఫీజు ఆ పత్తి అమ్మిన డబ్బే. అయినా పట్టా లేదు కాబట్టి సర్కారు దృష్టిలో ఆమె రైతు కాదట, రైతు భార్యట! 2018లో రైతుబంధు పట్టాదారుకే వచ్చింది. ఇప్పుడు ఎకరాకు ఏడాదికి 12 వేలన్న రైతు భరోసా కూడా పట్టా చూసే ఇస్తున్నారు. 5 లక్షల రైతుబీమాదీ అదే దారి. పట్టా లేని ఆడమనిషి చేలో పాము కరిచి పోతే ఆ ఇంటికి ఆ బీమాలో రూపాయి రాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు నూటికి 14.

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మరి ఊళ్లో జరిగేదేమిటి? నాయన పోయాక ఆడబిడ్డను పుట్టింటికి పిలుస్తారు, చీర పెడతారు, తహసీల్ ఆఫీసుకు తీసుకెళ్లి అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం పెట్టిస్తారు. కట్నం ఇచ్చాం కదా అంటారు. ఆ కట్నం ఎవరి చేతికి వెళ్లిందో అందరికీ తెలుసు. సంతకం పెట్టనన్న రోజు నుంచి ఆమెకు బతుకమ్మకు పిలుపుండదు, బోనాలకు పిలుపుండదు. ఇది బెదిరించి రాయించుకోవడమే. దీనికి ప్రేమ, పుట్టిల్లు అని పేర్లు పెట్టడం ఇక ఆపాలి.

కౌలుకు చేసే ఆడవాళ్లది ఇంకా ఘోరం. కౌలు రైతులకు కార్డులిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చింది. తెలంగాణ దాన్ని మూలన పడేసింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం, మంచిదే. ఐలమ్మలా కౌలు చేస్తున్న మనిషికి మాత్రం ఒక్క కాగితం ఇవ్వం!

ఆడవాళ్లకు భూమి ఇస్తే ఏం చేసుకుంటారని అడిగేవాళ్లు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ వెళ్లి చూడండి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీళ్లను సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, కంది కలిపి పండించి, విత్తనం బజారులో కొనకుండా ఇంట్లోనే దాచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వెతుక్కుంటూ వాళ్ల దగ్గరికే వచ్చింది.

రేపు మీలో కొందరు నాయబ్ తహసీల్దార్లు, డిప్యూటీ కలెక్టర్లు అవుతారు. పట్టాను వారసుల పేరు మీదికి మార్చే విరాసత్ ఫైలు మీ టేబుల్ మీదికే వస్తుంది. అందులో ఆడబిడ్డ సంతకం కనబడితే అన్నదమ్ములను బయటికి పంపి ఆమెను ఒక్కదాన్నే అడగండి. ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేని పని మరొకటి ఉంది. ఈ దసరాకు ఇంటికి వెళ్లినప్పుడే నాయనను కూర్చోబెట్టి సగం పొలం అమ్మ పేరు మీదికి మార్పించండి. అక్క వాటా సంగతి కూడా మీరే ఎత్తండి, ఆమె నోటితో అడిగించకండి.