చెయ్యి పడిపోయినవారికి ఇంటి దగ్గరే వైద్యం అందాలి

పక్షవాతం బాధితులకు, వారి కుటుంబాలకు, ప్రజాప్రతినిధులకు, వైద్యాధికారులకు విజ్ఞప్తి



పక్షవాతం వచ్చిన మనిషిని 108 ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోతాం. నాలుగున్నర గంటల లోపు చేరగలిగితే, తగినవారికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ప్రాణం దక్కుతుంది. కొద్దిరోజులకు డిశ్చార్జి కాగితం ఇస్తారు. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, రక్తం పలచబడే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అందులో ఉంటుంది. చివర ఒక్క ముక్క రాస్తారు: ఫిజియోథెరపీ చేయించండి. ఎక్కడ చేయించాలి? ఎవరు చేస్తారు? రోజుకు ఎంతసేపు, ఎన్ని నెలలు? ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. చేతికి అసలు వైద్యం మొదలు కావలసిన రోజునే ఆసుపత్రి బాధ్యత ముగిసిపోతోంది.

అందుకే ఈ కరపత్రం. మా కోరిక ఒక్కటే. పక్షవాతంతో చెయ్యి దెబ్బతిన్న ప్రతి ఒక్కరి ఇంటికీ శిక్షణ పొందిన థెరపిస్టు రావాలి. సాధన ఎలా చేయాలో నేర్పాలి, మళ్ళీ వచ్చి చూడాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

చేతినే ఎందుకు మరిచిపోతున్నాం?

ఇంటికి వచ్చిన మనిషి నాలుగడుగులు వేస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కర్ర పట్టుకుని బాత్రూముకు వెళ్ళగలిగితే చాలు, గండం గడిచిందనుకుంటారు. చెయ్యి సంగతి వెనక్కిపోతుంది. రెండో చెయ్యి ఉంది కదా అనుకుంటారు. అన్నం కలిపి పెట్టడానికి కూతురుంది, చొక్కా తొడగడానికి భార్య ఉంది. అంతా ప్రేమతోనే చేస్తారు. కానీ రోగి ఆ చేతిని వాడకపోవడం అలవాటు చేసుకుంటాడు. కాస్తో కూస్తో కదలిక ఉన్న చెయ్యి కూడా వాడక లేక పనికిరాకుండా పోతుంది. భుజం బిగుసుకుంటుంది, వేళ్ళు ముడుచుకుపోతాయి, నొప్పి మొదలవుతుంది.

కుడిచెయ్యి పోయినవారి బాధ మరీ ఎక్కువ. పెళ్ళి పంక్తిలో ఎడమచేత్తో తినడం మనవాళ్ళకు నామోషీ. అందుకని పంక్తికి రావడం మానేస్తారు, క్రమంగా నలుగురిలోకి రావడమే మానేస్తారు. చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేని ఆడమనిషి నైటీలో ఇంట్లోనే ఉండిపోతుంది. మగ్గం నేసేవారికి, బీడీలు చుట్టేవారికి, కుట్టుమిషను మీద బతికేవారికి చెయ్యి పోవడమంటే కూడు పోవడమే.

చెయ్యి తిరిగి వస్తుందా?

అందరికీ పూర్తిగా వస్తుందని చెప్పడం అబద్ధం. చాలామందికి మాత్రం ఇప్పుడున్నదానికంటే మెరుగవుతుంది. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు. మిగిలిన మెదడు ఆ పనిని కొత్తగా నేర్చుకోగలదు. అదే పనిని మళ్ళీ మళ్ళీ, వందలసార్లు చేయిస్తేనే నేర్చుకుంటుంది. ఉత్తర అమెరికా ఆసుపత్రుల్లో పరిశోధకులు లెక్కపెట్టి చూస్తే, చేతికి ఉపయోగపడే పనిని ఒక్కో విడతలో సగటున 32 సార్లే చేయిస్తున్నారని 2009లో తేలింది. అన్ని వసతులున్న చోటే అంత తక్కువ. వారానికి ఒకటి రెండుసార్లు ఆటో కట్టించుకుని క్లినిక్కుకు వెళ్ళే మన రోగికి ఆ సాధన ఎక్కడ సరిపోతుంది? మిగిలినదంతా ఇంట్లోనే జరగాలి.

ఇంట్లో చేయగలమా అంటే చేయగలమనే చెప్పాలి. కెనడాలో ఒక పద్ధతి తయారుచేశారు. రోగి స్థాయిని బట్టి వ్యాయామాల పుస్తకం ఇస్తారు, మామూలు వస్తువులు కొన్ని ఇస్తారు. థెరపిస్టు నేర్పిన తర్వాత రోగి తనంతట తాను, వీలైతే ఇంటివారి సాయంతో సాధన చేయాలి. రోజుకు గంట, వారానికి ఆరు రోజులు, నాలుగు వారాలు. పునరావాస ఆసుపత్రుల్లో ఉన్న 103 మందితో ఈ పద్ధతిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సాధన చేసినవారి చెయ్యి మిగతావారి చేతికంటే బాగా మెరుగైంది.

ఆరు నెలలు దాటితే ఇక లాభం లేదనే మాటా నిజం కాదు. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, కాబట్టి ఆ కాలాన్ని వృథా చేయకూడదు. అయితే అమెరికాలో 222 మందిపై జరిగి 2006లో ఫలితాలు వచ్చిన ఒక పరిశోధనలో చేరినవారు పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారు. మంచి చేతికి తొడుగు వేసి, దెబ్బతిన్న చేతితోనే పనులు చేయించారు. రెండు వారాల ఆ సాధన ఫలితం ఏడాది తర్వాత కూడా కనిపించింది. మణికట్టును, వేళ్ళను కొంతైనా పైకి ఎత్తగలిగినవారికే ఈ పద్ధతి పనికొస్తుంది. ఎవరికి ఏది తగునో చెప్పడానికే థెరపిస్టు ఉండాలి.

సామగ్రి మన ఇంట్లోనే ఉంది

గ్లాసును అందుకుని ఎత్తి, మరోచోట పెట్టడం. తువ్వాలు మడిచి బల్ల తుడవడం. చపాతీ పిండి పిసకడం. శనక్కాయలు ఒలవడం. కందిపప్పులో రాళ్ళు ఏరడం. బట్టల క్లిప్పులు తీగకు తగిలించి తీయడం. సీసా మూత తిప్పడం, గుండీలు పెట్టడం, తల దువ్వుకోవడం. తేలికైనదానితో మొదలుపెట్టి, చేతనైన కొద్దీ కష్టమైనదానికి వెళ్ళాలి. వేలు కూడా కదలనివారు ఊరుకోనక్కరలేదు. వారికి అద్దం సాధన ఉంది. అద్దాన్ని నిలువుగా పెట్టి, దాని వెనక పడిపోయిన చేతిని ఉంచి, మంచి చేతిని కదిలిస్తూ దాని ప్రతిబింబాన్ని చూడాలి. ఇది మేలు చేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

చేయకూడనివి కూడా తెలియాలి. రోగిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, పట్టు సడలిన భుజం కీలు జారుతుంది. దూలానికి కప్పీ వేసి, తాడుతో చేతిని తల పైకి లాగించకండి, భుజం నొప్పి పెరుగుతుంది. స్పర్శ తెలియని చేతికి వేడి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు చేతిని వేలాడనివ్వకుండా కింద దిండు పెట్టండి. పావురం రక్తం, పసరు పూతల కోసం ఊళ్ళు తిరుగుతూ విలువైన తొలి నెలలు పోగొట్టుకోకండి. రెండోసారి పక్షవాతం రాకుండా ఆపే మాత్రలను ఎవరు చెప్పినా సొంతంగా మానకండి.

కుటుంబం మీద వదిలేస్తే సరిపోదు

"ఇంటివాళ్ళకే నేర్పితే పోలా, ఉద్యోగులెందుకు?" అని అధికారులు అడగవచ్చు. దానికి జవాబు మన దేశంలోనే దొరికింది. 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది రోగులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కుటుంబసభ్యులకు ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చి, ఇంటికి వెళ్ళాక పునరావాసం వారి చేతనే చేయించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత మరణాల్లోగానీ ఇతరులపై ఆధారపడటంలోగానీ మామూలు వైద్యం అందినవారికీ వీరికీ తేడా లేదు. అది చేతిని మాత్రమే కొలిచిన పరిశోధన కాదు. అయినా మనం గ్రహించవలసింది ఉంది. పొలం పని, వంట పని, పిల్లల పని మోస్తున్న ఇల్లాలి నెత్తిన ఈ బరువు కూడా పెట్టి ప్రభుత్వం తప్పుకోకూడదు. కుటుంబం తోడుండాలి, నడిపించేవారు మాత్రం శిక్షణ పొందినవారై ఉండాలి.

పక్క రాష్ట్రం చేస్తోంది

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గర్లోని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని ప్రారంభించింది. బీపీ, షుగరు మందులతో పాటు ఫిజియోథెరపీ కూడా ఇంటి గుమ్మానికి వస్తుంది. వారికి సాధ్యమైనది మనకెందుకు సాధ్యం కాదు? ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎంలున్నారు. ఫిజియోథెరపీ చదివిన యువతీయువకులు ఏటా మన కాలేజీల నుంచి బయటికి వస్తున్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016, ఆర్థిక స్తోమత మేరకు పునరావాస కార్యక్రమాలు చేపట్టవలసిన బాధ్యతను 27వ సెక్షన్ కింద ప్రభుత్వాలపై పెట్టింది. అడిగే హక్కు మనకుంది.

మా డిమాండ్లు

1. ప్రతి మండలానికీ పక్షవాతం రోగుల ఇళ్ళకు వెళ్ళే ఫిజియోథెరపిస్టును నియమించాలి. రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులను జిల్లాకు తగినంతమందిని తీసుకోవాలి. వారికి వాహనం ఇవ్వాలి.

2. డిశ్చార్జికి ముందే చేతి శక్తిని పరీక్షించి, తెలుగులో, బొమ్మలతో సాధన పుస్తకం ఇవ్వాలి. చదువురానివారికి ఫోనులో వీడియో చూపించాలి.

3. డిశ్చార్జి అయిన రోగి వివరాలు వెంటనే ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరాలి. వారం తిరగకుండా థెరపిస్టు ఇంటికి రావాలి. మొదటి మూడు నెలలు వారానికోసారి, తర్వాత నెలకోసారి చూడాలి.

4. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఆ పనికి అదనపు పారితోషికం చెల్లించాలి.

5. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పక్షవాతం రోగికి ఇంటి దగ్గర జరిగే పునరావాసం ఖర్చు కూడా పూర్తిగా భరించాలి.

మీరు చేయవలసింది

మీ ఊళ్ళో పక్షవాతంతో చెయ్యి పడిపోయినవారు ఎందరున్నారో లెక్క రాయండి. గ్రామసభలో ఈ డిమాండ్లపై తీర్మానం చేయించండి. ఆ తీర్మానం కాపీతో సోమవారం కలెక్టరేటుకు వెళ్ళండి. తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఎమ్మెల్యేకు ఒక కాపీ ఇచ్చి, శాసనసభలో అడగమనండి.

రోగులకు ఒక మాట. థెరపిస్టు వచ్చేదాకా ఆ చేతిని పక్కన పెట్టకండి. డాక్టరును అడిగి, చేయదగిన పనులు ఈరోజే మొదలుపెట్టండి. ఇంటివారికి ఒక మాట. వారు చేసుకోగల పనిని తొందరపడి మీరు చేసిపెట్టకండి, ఆలస్యమైనా చేసుకోనివ్వండి.

ప్రభుత్వాలకు చివరి మాట. ప్రాణం నిలబెట్టడానికి ఖర్చు చేస్తున్నారు, సంతోషం. ఆ ప్రాణం తన చేత్తో తాను అన్నం తినేలా చేయడం కూడా వైద్యమే. దానికి వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించండి.