చెవిటితనమునకు నూతన చికిత్స - మన కర్తవ్యము

గూడూరులో గాని, ఎమ్మిగనూరు మగ్గాల వీథులలో గాని, మూడేండ్లు దాటిన బిడ్డ మాటాడనిచో ఇంటి పెద్దలు చెప్పు మాట ఒక్కటే: "వీని మేనమామకూ మాటలు ఆలస్యముగానే వచ్చినవి." తరువాత వెల్లుల్లి కాచిన నూనె, ఆపైన తావీజు. బిడ్డకు వినబడుట లేదను సంగతి బడిలో చేర్చునాటికి గాని తెలియదు. మేమెరిగిన ఒక ఇంట ఇట్లే జరిగినది. "ఇంకను పసితనముననే తేవలసినది" అని పట్టణపు డాక్టరు చెప్పినాడట. శైశవమున శబ్దమెరుగని మెదడు, పిదప చెవి తెరుచుకొన్నను మాటను సులువుగా పట్టుకొనజాలదు.

2024 జనవరిలో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించిన ఒక పరిశోధన మమ్ము ఆలోచింపజేసినది. ఓటోఫెర్లిన్ అను ప్రోటీను లోపమువలన పుట్టుచెవుడు గల ఆరుగురికి షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో జన్యుచికిత్స చేసిరి. లోపలి చెవిలోని రోమకణములు శబ్దమును గ్రహించినను, ఈ ప్రోటీను లేనిదే దానిని నాడికి అందింపలేవు. ఆ జన్యువు ఒక వైరసులో ఇమడనంత పెద్దది. కనుక రెండు ముక్కలుగా చేసి, రోగము కలిగింపని వైరసులలో ఉంచి చెవిలోనికి పంపిరి. 26 వారములలో ఐదుగురికి వినికిడి మెరుగుపడినది. ఒకరికి మాత్రము ఫలము కలుగలేదు.

ఆ ఆరవవానిని మరుగుపరచకపోవుటయే మాకు మిక్కిలి నచ్చినది. రోమకణములను తిరిగి మొలిపించునని అమెరికాలో ఎంతో ఆశ రేపిన ఎఫ్.ఎక్స్.-322 అను మందు, 2023 ఫిబ్రవరిలో ఉత్తుత్తి మందుకంటె మేలనిపించుకొనలేక పోయినది. పరీక్ష యనగా ఇదియే. మన సంతలలో చెవిచుక్కలమ్మువాడు ఏనాడైనను ఇట్టి లెక్క చూపినాడా?

అయితే షాంఘై వైద్యము మన పిల్లలందరికిని పనికిరాదు. ఓటోఫెర్లిన్ లోపము కొద్దిమందిలోనే ఉండును. మన దేశమున కనెక్సిన్-26 జన్యులోపము అంతకంటె తరచుగా కనబడుచున్నది. ఏ బిడ్డకు ఏ లోపమో తెలియనిదే, రేపు మందు వచ్చినను ఎవరికి ఇత్తురు? మేనరికము హిందువులలోనూ, ముస్లిములలోనూ ఉన్నది. తల్లిదండ్రులిరువురును ఒకే లోపమును మోయుచుండిన, తాము చక్కగా వినుచున్నను, ప్రతి కాన్పులోను బిడ్డ చెవిటిదగుటకు నాలుగింట ఒకపాలు అవకాశమున్నది. పరీక్ష చేయించిన వంశమునకు మచ్చ వచ్చునని, పిల్లల పెండ్లిండ్లు చెడునని కొందరు మాతో వాదించిరి. ఆ భయము మాకు తెలియనిది కాదు. మా బంధువులలోనూ ఉన్నది. కాని దాచిన లోపము మరుసటి కాన్పులో బయటపడక మానునా?

హైదరాబాదీయుడు, ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ వినికిడి సంస్థ నెలకొన్నది. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులోనే ఉన్నది. మన విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలియును? కళాశాల కమిటీవారు రాబోవు ఎన్.ఎస్.ఎస్. శిబిరమున కంటిపరీక్షతోపాటు ఏడాది లోపు పసివారికి చెవిపరీక్షయు పెట్టించవలెనని కోరుచున్నాము. కర్నూలు ప్రభుత్వాసుపత్రి చెవి వైద్యులకు వ్రాయవలసిన ఉత్తరము మేమే వ్రాసి పెట్టెదము. కమిటీవారు తేదీ నిర్ణయించిన చాలును.