చేతులు మారే వీణ

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే చోట ఉన్న జుక్కల్ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ వినబడటం మామూలే. విఠలుడి భక్తులైన వార్కరీల అఖండ హరినామ సప్తాహం ఇక్కడికి వచ్చింది కూడా ఆ ఇరుగుపొరుగు దారినే. తెల్లవారుజామున కాకడ హారతి, పగలు జ్ఞానేశ్వరి పారాయణం, సాయంత్రం హరిపాఠం, రాత్రి కీర్తన, ఆఖరి రోజున కాలా ప్రసాదం, అన్నదానం. ఏడు రోజులూ వీణ కింద పెట్టకూడదు. ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి మారుతూ, అర్ధరాత్రి దాటినా ఎవరో ఒకరు దాన్ని మోస్తూ నిలబడాల్సిందే.

ప్రార్థనకు శక్తి ఉందా అని అడిగేవారు వంతులవారీగా సాగే ఆ వీణ పహారా చూడాలి. ప్రార్థన వాన కురిపిస్తుందో లేదో తేల్చడం మా పని కాదు. జ్వరానికి ఆసుపత్రి, చేనుకు కౌలాస్‌నాలా ప్రాజెక్టు నీళ్లు కావాల్సిందే. సర్కారు చేయాల్సింది దేవుడి మీదికి నెడితే ఒప్పుకోలేం. కానీ అప్పులతో నిద్రపట్టని రైతుకు రాత్రి రెండింటికి తన వంతు కోసం ఎదురుచూసే మనుషులు ఉండటం చిన్న సంగతి కాదు. భక్తి ఇలా మనిషికి ఆసరా కావడం ఒక్క మతానిదే కాదు. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠించిన చర్చిని కూడా కరువులో ఆకలితో ఉన్నవారికి పని, తిండి ఇస్తూనే కట్టారు.

ప్రార్థనల పేరిట మైకుల మోత మాత్రం వేరే విషయం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై ఉన్న ఆంక్షలు గుడికీ, మసీదుకీ, చర్చికీ ఒకటే. పరీక్షల రోజుల్లోనైనా ఊరి పెద్దలు వాటిని పాటింపజేయాలి.