సిగ్గు చాటున పెరుగు వ్యాధి

జ్వరము వచ్చిన స్త్రీ ఆ సంగతి ఇంటిల్లిపాదికిని చెప్పుకొనును. తెల్లబట్ట అగుచున్నప్పుడు మాత్రము తల్లితోనో, తోడికోడలితోనో గుసగుసగా చెప్పి ఊరకుండును. "వేడి చేసినది, మజ్జిగ త్రాగుము" అని వారు చెప్పుదురు. తగ్గకున్నచో "ఆడపుట్టుకకు ఇవి తప్పునా?" అని సరిపెట్టుకొందురు. ఇట్టి మౌనమును మర్యాదగా భావించుట మన సంఘమునకు అలవాటైనది. కాని ఈ మర్యాదకు స్త్రీలు చెల్లించుచున్న వెల మిక్కిలి అధికము.

నేటి తెలంగాణకు పొరుగుననే యున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టరు రాణీ బంగ్, డాక్టరు అభయ్ బంగ్ మొదలగువారు రెండు గ్రామములందలి 650 మంది స్త్రీలను పరీక్షించి, ఫలితములను 1989లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి గాని సుఖవ్యాధి గాని ఉన్నట్లు తేలినది. బహిష్టు దోషములును ఈ లెక్కలో చేరియున్నవి. అయినను, అంతకుముందు ఇట్టి వైద్యపరీక్ష పొందినవారు నూటికి 8 మంది మాత్రమే యనుట ఆలోచింపదగినది.

తెల్లబట్ట యంతయు వ్యాధి కాదు. నెలలో కొన్ని దినములందును, గర్భిణీ దశయందును దుర్వాసన, దురద లేని స్రావము సహజము. దానివలన ఎముకలు కరగిపోవునను భయము నిరాధారము. కాని ఆ స్రావము విరిగిన పాలవలె నుండి దురద పెట్టినను, చేపవాసన కొట్టినను, పసుపు లేక ఆకుపచ్చ రంగునకు మారినను, పొత్తికడుపులో నొప్పియు జ్వరమును తోడైనను, అది అంటుకు సూచన. చలువ పదార్థములు దానిని మాన్పజాలవు.

ఈ అంటులు మూడు విధములుగా కలుగును. శరీరమున సహజముగా నుండు సూక్ష్మజీవులే సమతూకము తప్పి పెరుగుట మొదటిది. శుభ్రపరచని చేతులతో, పరికరములతో కాన్పు గాని గర్భస్రావము గాని చేయుట రెండవది. లైంగిక సంపర్కమువలన సంక్రమించుట మూడవది. కావున తెల్లబట్ట యున్నదని ఒక స్త్రీ నడతను శంకించుట అజ్ఞానము.

నివారణ కష్టసాధ్యము కాదు. యోని లోపలిభాగమును సబ్బుతోను మందునీళ్లతోను కడుగరాదు. అచ్చట రక్షణ కల్పించు మేలైన సూక్ష్మజీవులు నశించును. బహిష్టు గుడ్డలను సబ్బుతో ఉతికి, చీకటి మూలలలో గాక ఎండలో ఆరవేయవలెను. నిరోధ్ వాడుకవలన సంపర్కమున వచ్చు అంటులు చాలవరకు తగ్గును.

సంపర్కమువలన వచ్చిన అంటుకు భార్యకు మాత్రమే మందిచ్చుట, రెండు చిల్లులున్న కుండకు ఒకటి పూడ్చుట వంటిది. భర్తకు లక్షణములు పైకి కనబడకున్నను వ్యాధి యుండవచ్చును. అతడు చికిత్స పొందనిచో భార్యకు మరల అంటును. ఇట్లు నిర్లక్ష్యము చేయబడిన అంటు గర్భాశయమునకును, అండవాహికలకును ప్రాకి, వాహికలు మూసికొనిపోయి సంతానము కలుగకపోవచ్చును. అప్పుడు ఆమెను గొడ్రాలని నిందించువారు, ఆమె నోరు మెదపకుండ జేసిన సిగ్గును మాత్రము నిందింపరు. ఇంతకన్న అన్యాయము మరియొకటి కలదా?

1997లో ప్రారంభమైన పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమమున ఈ వ్యాధుల చికిత్సకు చోటు కల్పింపబడినది. జిల్లా ఆసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలో చికిత్స ఉచితము. అయినను మందు లభించుట ఒక్కటే చాలదు. పదిమంది వినునట్లు బాధ చెప్పుకొనవలసిన చోటికి ఏ స్త్రీ వచ్చును? ప్రతి ఆరోగ్యకేంద్రమునందును చాటైన గదియు, మన్ననతో మాటలాడు స్త్రీ ఉద్యోగినియు ఉండవలెను. స్త్రీలు ముందుకు రావలెనని కోరుటకు ముందు, వారు వచ్చుటకు వీలైన త్రోవ వేయుట ఉద్యోగుల విధి.

ఆరోగ్యకార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు జ్వరమును గూర్చి చెప్పినట్లే దీనిని గూర్చియు చెప్పవలెను. ఆసుపత్రికి భర్తయు తోడు పోవలెను. సూచించిన మందును, బాధ తగ్గినదని నడుమ మానక, పూర్తిగా వాడవలెను. బాధను చెప్పుకొన్నంత మాత్రమున ఏ యింటి గౌరవమును తగ్గదు.