సారథ్య పరీక్ష

మూసారాంబాగ్ దాటి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగే రహదారికి ఇరువైపులా ఉన్న బోర్డులను చదువుకుంటూ పోతే, ఆ ప్రాంతం దేనికి ప్రసిద్ధమో వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగ పరీక్షలకు, ప్రవేశ పరీక్షలకు, కంప్యూటరు కోర్సులకు శిక్షణ నిచ్చే సంస్థలు మేడమేడకూ కానవస్తాయి. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు హాస్టళ్ళలో ఉండి అక్కడ రేయింబవళ్ళు చదువుతుంటారు. ఆ బోర్డుల నడుమ డ్రైవింగు స్కూళ్ళ బోర్డులు కూడ ఉంటాయి. తెల్లవారుతూనే, తెల్లని పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం ధరించిన చిన్న కార్లు చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ వీధులలో బెదురుబెదురుగా కదులుతుంటాయి. పరీక్షకు తయారుచేయడమే వృత్తిగా గల ఈ పేటలో వాహన చోదనం కూడ మరొక పరీక్షగా మాత్రమే మిగిలిపోతున్నది. చింతించవలసిన విషయం ఇదే.

చట్టం ఏమి కోరుతున్నదో ముందుగా చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నియమావళి ఈ విషయంలో ఆధారాలు. పదునెనిమిదేండ్లు నిండినవారు ముందుగా రహదారి గుర్తులపై, నియమాలపై పరీక్ష వ్రాసి, నూటికి అరవై వంతులు సరియైన సమాధానాలిచ్చి, అభ్యాసకుల లైసెన్సు పొందాలి. వాడుకలో దీనినే ఎల్.ఎల్.ఆర్. అంటారు. అది ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చిన ముప్పది రోజులు గడిచిన తరువాతనే అసలు చోదన పరీక్షకు హాజరు కావచ్చు. అభ్యాసకుని వెంట లైసెన్సు గల శిక్షకుడు ఉండి తీరాలి. వాహనం ముందు, వెనుక 'ఎల్' అక్షరం ఉండాలి. ద్విచక్ర వాహనంపై శిక్షకుని తప్ప మరెవరినీ వెనుక కూర్చుండబెట్టుకొనరాదు. మిత్రుని ఎక్కించుకొని కళాశాలకు పోయే అభ్యాసకులలో ఎందరికి ఈ నియమం తెలుసు?

పదునారేండ్లకే లైసెన్సు దొరుకుతుందని విద్యార్థులలో ఒక నమ్మకం ఉన్నది. అది సగం నిజం. ఇంజను సామర్థ్యం 50 సి.సి.కి మించని, గేర్లు లేని బండికి మాత్రమే, అదియును తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతితో, ఆ సడలింపు కలదు. ఇంటి ముందు నిలిచి ఉన్న తండ్రిగారి స్కూటరు అందులోనికి రాదు. 2019లో చట్టానికి చేసిన సవరణ ఈ విషయంలో మరింత కఠినమైనది. బాలురు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతాడు. మూడేండ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా, ఆ వాహనపు రిజిస్ట్రేషను పన్నెండు నెలల పాటు రద్దు, ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండే వరకు లైసెన్సు పొందే అర్హత లేకపోవడం ఇందలి విధులు. ఇంటర్మీడియట్ చదువుతున్నవారి వయస్సుకు ఈ మాటలు సూటిగా తగులుతాయి.

ఇక పరీక్ష సంగతి. ఈ ప్రాంతపు యువత చోదన పరీక్ష నిమిత్తం నాగోలులోని రవాణాశాఖ ట్రాక్‌కు పోవడం పరిపాటి. 8 అంకె ఆకారంలో ఒకటి, ఇంగ్లీషు 'హెచ్' ఆకారంలో ఒకటి, 'ఎస్' ఆకారంలో ఒకటి, మిట్ట ఎక్కి దిగేది ఒకటి, ఇట్లు ట్రాక్‌లు ఉంటాయి. జనవ్యవహారంలో 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు'గా పేరుపడిన మోటారు వాహన తనిఖీ అధికారి సమక్షంలో వాటిపై బండి నడపాలి. ఈ ఆకారాలు అర్థంలేని తంతు అని ఎగతాళి చేసేవారున్నారు. ఆ ఎగతాళి సరికాదు.

ఎల్.బి. నగర్ కూడలిని తలచుకుంటే ఆ ఆకారాల అర్థం బోధపడుతుంది. విజయవాడ రహదారి, సాగర్ రహదారి, నాగోలు మీదుగా ఉప్పల్ పోయే దారి అక్కడ కలుస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు వెలసినవి. సంక్రాంతికి సొంత ఊళ్ళకు పోయేవారి వాహనాలతో ఫ్లైఓవరు ఎగువ వాలుపై కార్లు బారులుతీరి నిలిచిపోయినప్పుడు, హ్యాండ్‌బ్రేకు, క్లచ్, యాక్సిలరేటరుల పొందిక తెలియనివాని కారు వెనుకకు జారి వెనుక ఉన్న స్కూటరును తాకుతుంది. నాగోలు ట్రాక్‌పై ఉన్న మిట్ట ఈ క్షణం కొరకే పుట్టింది. మిట్టపై ఆగి వెనుకకు జారకుండా మరల కదలడం పరీక్షాంశాలలో ఒకటిగా నియమావళి పేర్కొన్నది. దిల్‌సుఖ్‌నగర్ వెనుక గడ్డిఅన్నారం వైపు సందులలోనికి పోయిన కారు తిరిగి రావాలంటే, ఒక ప్రక్క నిలిపిన మోటారు సైకిళ్ళు, మరొక ప్రక్క తోపుడుబండి ఉండగా, అద్దాలలో చూస్తూ రివర్స్‌లో రావాలి. 'హెచ్' అక్షరమంటే అదే. మెట్రో స్తంభాల నడుమ యూటర్న్ తీసుకొనే స్కూటరిస్టు వేగం తగ్గించి, కాలు నేలకు ఆనించకుండా, సమతౌల్యం కోల్పోకుండా మలుపు తిరగాలి. 8 అంకె నేర్పేది ఆ మలుపునే. ఒక్కమాటలో, ట్రాక్ అనేది రహదారికి సంగ్రహ ప్రతి.

అయితే సంగ్రహ ప్రతిని కంఠస్థం చేసి మూలగ్రంథం చదివినట్లు భావించే విద్యార్థులుంటారు. సాహిత్య విద్యార్థులకు ఈ రోగం కొత్తది కాదు! వాహన చోదనంలో దాని లక్షణం ఇట్లుంటుంది. "అద్దంలో రెండవ గుంజ కనబడగానే స్టీరింగు పూర్తిగా కుడికి త్రిప్పు, మూడవ గుంజ దాటగానే సరిచేయి" అని శిక్షకుడు చెబుతాడు. అభ్యాసకుడు పది పర్యాయాలు అట్లే చేస్తాడు. పదకొండవ పర్యాయం పరీక్షాధికారి ఎదుట చేసి ఉత్తీర్ణుడవుతాడు. మరునాడు కొత్తపేట వీధిలో గుంజలు ఉండవు. అక్కడ ఉన్నట్టుండి డోరు తెరిచే ఆటో ఉంటుంది, తల్లి చేయి విడిపించుకొని పరుగెత్తే పిల్లవాడు ఉంటాడు. బిట్లు బట్టీపట్టి ప్రశ్నపత్రాన్ని దాటడం సాధ్యమే గాని, బట్టీపట్టిన మలుపుతో పిల్లవానిని తప్పించడం సాధ్యం కాదు.

బ్రోకర్ల దారి మరింత హీనం. "ట్రాక్ ఎక్కకుండానే పని అయిపోతుంది" అని చెప్పేవాడు తాను అమ్ముతున్నది ఒక చిన్న కార్డు మాత్రమే అనుకుంటాడు. కొన్నవాడు కూడ అట్లే అనుకుంటాడు. అందులో మూడవ వ్యక్తి ప్రాణం కూడ చేరి ఉన్నదని ఇరువురికీ తోచదు.

ముప్పది రోజుల గడువును చాలామంది నిరీక్షణగా భావిస్తారు. అది నిజానికి చట్టం ఇచ్చిన పాఠ్యకాలం. తేలికపాటి సొంత వాహనాలకు శిక్షణ ఇరువది ఒక్క రోజులకు, వాస్తవ చోదనం పది గంటలకు తక్కువ కారాదని నియమావళి డ్రైవింగు స్కూళ్ళను ఆదేశిస్తున్నది. శిక్షణ కార్లకు రెండవ ప్రక్కన కూడ నియంత్రణ సాధనాలు ఉండాలన్నది ఆ నియమావళిలోనిదే. పది గంటలలో చక్రం పట్టుకొనడం వస్తుంది. రద్దీని చదవడం రాదు. పైగా ఆ పది గంటలు వీధులు ఖాళీగా ఉండే వేకువజామునే గడిచిపోతాయి. ఉదయం ఆరింటి దిల్‌సుఖ్‌నగర్ వేరు, సాయంత్రం ఆరింటి దిల్‌సుఖ్‌నగర్ వేరు. మెట్రో స్టేషను మెట్లు దిగివచ్చే జనం, బస్సుల కొరకు రోడ్డు మీదికి జరిగి నిలుచున్న ప్రయాణికులు, ఎదురుదిశలో దూసుకువచ్చే ద్విచక్ర వాహనాలు వేకువన ఉండవు. అందుచేత మొదటి వారం వేకువన, రెండవ వారం పగటివేళ, ఆ పిదప సంజెచీకటిలో, వీలైతే ఒక వానపడిన రోజున, అనుభవజ్ఞుని ప్రక్కన పెట్టుకొని అభ్యసించడం మేలు. వాననీరు నిలిచిన చోట గుంత ఉన్నదో లేదో తెలియదు. బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. ఈ రెండు సంగతులను ఏ ట్రాక్ కూడ నేర్పదు.

అభ్యాసకుడు చేయదగిన మరొక పని ఉన్నది. దానికి వాహనం అక్కరలేదు. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు మెట్రో వచ్చింది. ఆ స్టేషను నుండి దిగి కూడలి వద్ద ఒక అరగంట నిలబడి, ఏ వాహనం ఎక్కడ వరుస మారుతున్నదో, ఎవరు సిగ్నలు ఇస్తున్నారో, ఎవరు ఇవ్వడం లేదో గమనిస్తే చాలు. పాదచారిగా రోడ్డు దాటడానికి ఎంత సేపు వేచి ఉండవలసి వచ్చిందో కూడ లెక్కించుకొనవచ్చు.

పరీక్షలో తప్పినవారికి చట్టం దయ చూపింది. ఏడు రోజుల తరువాత మరల హాజరు కావచ్చు. మూడు పర్యాయాలు తప్పితే మాత్రం అరువది రోజులు ఆగాలి. తప్పడం తలవంపుగా భావించి బ్రోకరును ఆశ్రయించేవారు ఉత్తరకుమారుని కథను ఒకసారి పూర్తిగా చదవాలి. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే మాట తెలుగువారందరికీ తెలుసు. తగిన సారథి లేడు గాని, ఉన్నట్లయితే కౌరవసేనను గెలిచి వచ్చేవాడినని అంతఃపురంలో పలికినవాడు, సేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. జాతీయం అక్కడితో ఆగిపోయింది. తిక్కన విరాటపర్వంలో కథ ఆగలేదు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు అతనిని పట్టి తెచ్చి, ధైర్యం చెప్పి, పగ్గాలు అతని చేతికే ఇచ్చాడు. ప్రగల్భాలు పలికిన ఆ రాకుమారుడే, అంతటి వీరుని అండతో, అంతటి సేన నడుమ రథం నడిపాడు. జాతీయం అతనికి అన్యాయమే చేసింది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. మృతులలో ఎక్కువమంది పదునెనిమిది, నలుబదియైదేండ్ల మధ్య వయస్సువారు. లైసెన్సు పొందడానికి చట్టం ఏ వయస్సును ఆరంభంగా నిర్ణయించిందో, ఈ విషాద గణన కూడ ఆ వయస్సు నుండే బరువెక్కుతున్నది.

ఉత్తీర్ణత పొందిన క్షణంలోనే చోదకుడు పరిపూర్ణుడు కాడని కొన్ని దేశాలు గుర్తించాయి. బ్రిటనులో 1935 నుండి చోదన పరీక్ష తప్పనిసరి. నేటికీ అక్కడ పరీక్షకు వచ్చినవారిలో సగానికి పైగా తప్పుతున్నారు. ఉత్తీర్ణులైన తరువాత రెండేండ్లలో తప్పిదాలకు ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దయి, మరల మొదటి మెట్టు నుండి రావలసిందే. న్యూజిలాండ్ 1987లో అంచెలవారీ లైసెన్సు ప్రవేశపెట్టింది. మధ్య అంచెలో ఉన్నవారు రాత్రి పది నుండి వేకువ అయిదు గంటల వరకు ఒంటరిగా నడపరాదు. మన నియమావళిలో అట్టి మధ్య అంచె లేదు. నాగోలులో ఉత్తీర్ణుడైన సాయంత్రమే కారు అద్దంపై నుండి ఎర్రని 'ఎల్' అక్షరం తొలగిపోతుంది. మరునాడు ఎల్.బి. నగర్ కూడలిలో అతడు కొత్తవాడని గుర్తించడానికి ప్రక్కనున్న లారీ డ్రైవరుకు గాని, రోడ్డు దాటే వృద్ధురాలికి గాని ఏ ఆనవాలూ ఉండదు.